వేడి చేసిందన్నారు

మంగళవారం, రాత్రి

రామాలయం వీధి సుబ్బమ్మగారిని ఇవాళ అంబులెన్సులో నరసాపురం తీసుకెళ్లారు. నీళ్ల విరేచనాలు. ఆ వీధిలో ఆవిడ నాలుగో మనిషి.

మిగతా ముగ్గురి సంగతి నాకు శనివారమే తెలుసు. గుమ్మంలో నిలబడి అడిగితే ముగ్గురిదీ ఒకే మాట, "ఏం లేదండి, కాస్త వేడి చేసింది." విరేచనాలని నోటితో అనడానికి ఇక్కడ సిగ్గు. ఇక్కడే పుట్టినదాన్ని, నాకు తెలియదా? ఆశా కార్యకర్తనై ఉండి రిజిస్టరులో ఆ మాటే రాసుకుని, మజ్జిగ తాగమని చెప్పి వచ్చేశాను. ఒకే వీధిలో ముగ్గురికి విరేచనాలైతే ఆ రోజే పీహెచ్‌సీకి చెప్పాలి. వేడి చేస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు!

సాయంత్రం సూపర్‌వైజరుగారు ఫోన్ చేస్తే శనివారం సంగతి చెప్పాను. "ఇవాళే తెలిసిందని రాసెయ్యండమ్మా. మీకూ గొడవుండదు, నాకూ ఉండదు."

అలా రాస్తే శనివారం నుంచి ఆ వీధి కుళాయి నీళ్లు తాగినవాళ్లని ఎవరు వెతుకుతారు? మా ఇంటికొచ్చేవీ ఆ నీళ్లే.

ఫారంలో తేదీ గడి ఖాళీగా పెట్టుకుని కూర్చుంటే, అత్తయ్యగారు వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "నాకూ కాస్త వేడి చేసిందే అమ్మాయ్."

"ఎన్నిసార్లు వెళ్లారండీ?" అన్నాను.

శనివారం ఆ మూడు గుమ్మాల్లో నేను అడగని మాట అదే.