టెస్టింగులో మన కారు

ఒరేయ్ మస్తాన్,

నువ్వు పోయి నేటికి ఏడాది. కార్ల రేసుల కొత్త సీజన్‌కి ముందు టెస్టింగ్ మొదలైంది. ఎప్పుడూ ఆఖర్న వచ్చే మన రేసు టీం నిన్న అందరికన్నా వేగంగా తిరిగిందని పేపర్లో పడింది. ఎగిరి గంతేసేవాణ్ణే, నీ మాట గుర్తొచ్చింది.

"స్పాన్సర్ల కోసం పెట్రోలు తగ్గించి, బరువు లేకుండా తిప్పి ఉంటార్రా. మిర్చి బస్తాలో పైన ఎర్రకాయ పెట్టి, అడుగున రంగుపోయిన తాలుకాయ పోసినట్టు. చెయ్యి లోపలికంటా పెట్టి చూడు" అనేవాడివి. మిర్చి యార్డులో కాయ చూసి ధర కట్టేవాడివి కదా, ప్రతిసారీ నీ మాటే నిజమయ్యేది. అయినా మొదటి రేసుకి నాకన్నా ముందే మా టీవీ ముందు కూర్చునేవాడివి.

ఆస్పత్రిలో ఆ చివరి సాయంత్రం లేచి కూర్చుని, ఇడ్లీ తిని, "తగ్గిపోయిందిరా, ఈసారీ రేసు మీ ఇంట్లోనే" అన్నావు. నాకు పైకాయే చూపించావురా. నమ్మేసి, ఇంటికెళ్లి టీవీ ముందు నీ కుర్చీ వేశాను.