క్వారీ నీళ్ల దగ్గర

ఆదివారం, సెప్టెంబరు 1994
ఢిల్లీ కంటోన్మెంట్

పెళ్లయిన ఇరవై రోజులకి మా ఆయన ఈరోజు నన్ను మొదటిసారి బయటికి తీసుకెళ్లారు. ఫరీదాబాద్ దాటాక స్కూటర్ ఆపి, ముళ్లపొదల మధ్య నుంచి గంటసేపు కొండెక్కించారు. పైన ఒక పాత రాతి క్వారీ నిండా వాననీళ్లు, పచ్చగా, కదలకుండా ఉన్నాయి.

"ఒడ్డున మోకాలి లోతే. దిగు," అన్నారు.

ఈత రాదని చెప్పడానికి సిగ్గేసి, చీర తడుస్తుందన్నాను.

"అచ్ఛా, అయితే ఇది పట్టుకో," అని వాచీ నా చేతిలో పెట్టి దూకేశారు.

ఎంతసేపటికీ తల పైకి రాలేదు. పిలుద్దామని నోరు తెరిచాను. ఏమని పిలవాలి? ఇన్నాళ్లూ ఆయనే నన్ను పిలిచారు గానీ, నేను ఆయన్ని ఒక్కసారీ పిలవలేదు. చివరికి "ఎవరైనా రండి!" అని అరిచాను. అదీ తెలుగులో. ఆ కొండల్లో ఎవరికి అర్థమవుతుంది?

అంతలో ఆయన అవతలి ఒడ్డున తేలి, నవ్వుతూ చెయ్యూపారు. నేనూ ఊపాను. అరుపు వినబడలేదనుకుంటాను.

తిరిగొస్తుంటే స్కూటర్ మీద, "నేను మునిగినప్పుడు భయపడ్డావా?" అని అడిగారు.

"లేదండీ," అన్నాను.

వెంటనే నమ్మేశారు. వచ్చే ఆదివారం కూడా వద్దామన్నారు.