అమ్మ కట్టిన మూటలు

వాషింగ్టన్, ఏప్రిల్ 1865

సైలస్ అన్నయ్యకు,

నీ పటాలానికి కబురు అందే ఉంటుంది. ప్రెసిడెంటు లింకన్ గారిని నాటకశాలలో కాల్చేశారు. ఈ ఉదయం పోయారు.

చర్చి గంటలు విని అమ్మ ఏడవలేదు. నా పిల్లలకు ఉన్న బట్టలన్నీ ఒకదానిమీద ఒకటి తొడిగి, మూటలు కట్టింది.

"ఎక్కడికే అమ్మా?" అన్నాను.

"దొర పోతే మనల్ని పంచుకుంటారు కదే. పిల్లలు ఎవరి వాటాకి పోతారో ఏమో."

దొర చచ్చిన ప్రతిసారీ అమ్ముడుపోయిన బానిస మనిషి మరి.

"ఆయన మన దొర కాదమ్మా. మనమిప్పుడు ఎవరి సొత్తూ కాదు."

"అయితే ఆయనిచ్చిన విడుదల ఆయనతోనే పోదా?"

పోదన్నాను. పిల్లల మూటలు విప్పింది. తన మూట మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పోదని నువ్వూ ఒక ముక్క రాయి అన్నయ్యా. అమ్మకి చెప్పానే గానీ, నాకు మాత్రం ఏం తెలుసు.

నీ చెల్లెలు