తెల్ల గలీబు సాక్ష్యం

మా ఇంటి జడ్జిగారికి,

మీ పాత ముద్దాయి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను, అమ్మ, మన లాండ్రీలో నాలుగు మిషన్లు క్షేమం. ఐదోది ఎప్పట్లాగే వణుకుతోంది, దాన్ని క్షేమంలో కలపలేదు. అక్కడ మీ అక్కయ్య ఇంట్లో నువ్వు, వదినగారు, నీ దగ్గు ఎలా ఉన్నారు? మీ ఇద్దరూ చల్లగా ఉండాలి, ఆ మూడోది మాత్రం అక్కడే చావాలి.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఫోన్లో నీ దగ్గు వినపడగానే నా నోరు జోకుల్లోకి పారిపోతుంది. కాగితం మీదైతే పారిపోయే చోటు తక్కువ.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. అమ్మ మాత్రలు వేసుకుంటోందా అని మొదటిది. నాలిక కింద దాచి నేను వెళ్ళాక ఉమ్మేస్తోందేమోనని రోజూ నోరు తెరిపించి చూస్తున్నాను. "ముందు నీ నోట్లో వెతుక్కోరా, అబద్ధాలు దొరుకుతాయి" అంటోంది. కొత్త జనరేటర్ సంగతేమిటని రెండోది. అదే ఇప్పుడు చెప్పబోయేది. ఇక మూడోది, "పాత జనరేటర్ పొగ పరీక్ష పాసైనట్టు రేకు ఉంది కదా, మరి కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్ళు వచ్చి సీలెందుకు వేశారు?" అని. దానికి జవాబు చివర్లో ఉంది. ముందే అక్కడికి వెళ్ళిపోకు.

రోజూ మధ్యాహ్నం నాలుగు గంటలసేపు కరెంటు కోత మామూలే. జనరేటర్ లేక ఆసుపత్రి దుప్పట్లు గుట్టపడ్డాయి. అదొక్కటే అయితే నేనింత కంగారుపడను. జనరేటర్ పొగ మళ్ళీ మన వంటింటి కిటికీలోంచి వస్తే నిన్ను ఇంటికి పంపనని డాక్టరమ్మ అంది కదా. నా కంగారంతా అదే.

మొదట వెళ్ళిన కొట్టు ఓనర్‌కి తేనెనోరు అని పేరు పెట్టాను. పరిచయమైన మొదటి నిమిషంలోనే నన్నెవడైనా "అన్నయ్యా" అన్నాడంటే నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుందని నీకు తెలుసుగా.

"అన్నయ్యా, ఇది కొత్త నిబంధనల ఇంజన్. వదిలేది పొగ కాదు, ఊపిరి" అన్నాడు.

మనకి తెలిసిన పరీక్ష ఒక్కటే. సంచీలోంచి తెల్ల దిండు గలీబు తీసి పొగ గొట్టానికి జానెడు దూరంలో పట్టుకున్నాను. స్టార్ట్ చేశాడు. గలీబు మల్లెపువ్వులా ఉంది. దాంతో నాకు అనుమానం ఇంకా ఎక్కువైంది. ఇంజన్ ఆపించి, దాని మీద చెయ్యి వేశాను. కాలింది.

"తమ్ముడూ, దీనికి జ్వరమా?"

"ఎండకన్నయ్యా."

"మరి పక్కనున్న రెండూ చల్లగా ఉన్నాయే. వాటికి గొడుగు పట్టావా?"

నేను రాకముందే నడిపి వేడెక్కించి ఉంచాడన్నమాట. చల్లారేదాకా కూర్చుంటానని వాడి కుర్చీలోనే బైఠాయించాను. రెండు గంటల తర్వాత స్టార్ట్ చేస్తే గలీబు మీద పిడికెడు మసి. "లేవగానే ఎవరైనా దగ్గుతారన్నయ్యా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకో నీకు తెలుసు. పైగా ఆఫీసుకిచ్చే ఫారంలో "అత్యవసరానికి మాత్రమే" అని రాసేస్తే ఎవరూ అడగరని చెవిలో చెప్పాడు.

మర్నాడు మనకి సీలేసిన ఆ ఆఫీసుకే పోయాను. కిటికీ వెనకాల కళ్ళజోడమ్మ "ఉద్గారాల పరిమితి" అని మొదలుపెట్టింది. "అంటే పొగే కదమ్మా?" అన్నాను. "పొగొక్కటే కాదండీ. మీ గుడ్డకి అంటేది మసి. కంటికి కనపడనివి ఇంకా ఉంటాయి, అవి ఊపిరితిత్తులకే తెలుస్తాయి" అంది. ఇరవై ఏళ్ళ లాండ్రీ చదువు ఒక్క మాటతో నీళ్ళపాలు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఇంజన్ సైజుని బట్టి, తయారైన తేదీని బట్టి నిబంధన మారుతుంది. ఏ నిబంధనకి పాసైందో సర్టిఫికెట్లో ఉంటుంది. ఆ కాగితంలో నంబరు, రేకు మీద నంబరు, ఇంజన్ ఒంటి మీద చెక్కిన నంబరు ఒక్కటే కావాలి. అత్యవసరమని సడలింపు ఎప్పుడో ఒకసారి నడిపేవాళ్ళకి. "రోజూ నాలుగు గంటలు నడిపితే అత్యవసరం ఎలా అవుతుందండీ? గంటలు లెక్కపెట్టే మీటరు దానికే ఉంటుంది" అంది.

మళ్ళీ తేనెనోరు దగ్గరికి పోయి, రేకు మూలన గోరు పెట్టాను. లేచి వచ్చింది. అసలు రేకుకి మేకులుంటాయి, దీనికి జిగురు. ఇంజన్ మీద నంబరు వేరే.

"ఎలా పట్టుకున్నావన్నయ్యా? ఇన్నేళ్ళలో ఎవరూ గోరు పెట్టలేదు" అన్నాడు, తిట్టడం కూడా మర్చిపోయి.

దానికి జవాబు వాడికి కాదు. నీకు చెప్పాలి. నీ మూడో ప్రశ్నకి జవాబూ ఇదే.

మన పాత జనరేటర్ మీది రేకు నేనంటించిందే. రెండేళ్ళ క్రితం, పొగకి పరీక్ష చేయించమని నువ్వు వారం రోజులు పోరు పెట్టావు గుర్తుందా? చెడిపోయిన వాషింగ్ మిషన్ రేకు పీకి, తిరగేసి, మేకుతో నంబర్లు కొట్టి, అదే రకం జిగురుతో అంటించి నిన్ను పిలిచాను. "పాసైంది జడ్జిగారూ" అన్నాను. సాయంత్రానికి చెప్పేసి నవ్వుకుందామనే, నా మీద ఒట్టు. నువ్వు దాన్ని వేలితో తడిమి, "అయితే నా దగ్గు దుమ్ము వల్లేమో" అని లోపలికి వెళ్ళి, అంతవరకూ మూసి ఉంచిన వంటింటి కిటికీ తెరిచావు. ఇక నా నోరు పెగల్లేదు. కూరగాయలవాడి తక్కెడని కూడా నమ్మని దానివి, నన్ను నమ్మావు. ఆ కిటికీ రెండేళ్ళు తెరిచే ఉంది.

సీలేసిన రోజు ఆఫీసతను రేకు ఊడదీసి, వెనక్కి తిప్పి గట్టిగా చదివాడు: "ఆరు కిలోలకు మించి బట్టలు వేయరాదు." వీధంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు.

వేరే కొట్లో కొత్తది కొన్నాను. నంబర్లన్నీ కళ్ళజోడమ్మ చేత సరిచూపించాను. దాన్ని పెరట్లో అవతలి గోడకి మార్చి, గొట్టం కప్పు పైకి ఎత్తించాను. సర్టిఫికెట్ నకలు దీనితో పెట్టాను. ఆఫీసు ఫోన్ నంబరు వెనక రాశాను, నువ్వే అడుగు. నా మాట మీద ఆగకు.

నీ దిండు గలీబు సగానికి కత్తిరించి వారం రోజులు వంటింటి కిటికీ బయట కట్టాను. కనపడనివి దానికి తెలియవని నాకూ తెలుసు, అయినా మనసాగలేదు. ఒక ముక్క ఈ కవర్లో ఉంది. తెల్లగానే ఉంది. కానీ లాండ్రీవాడు పంపిన తెల్లగుడ్డని నమ్మేంత అమాయకులెవరు? అందుకే రెండో ముక్కని కిటికీకే ఉంచాను. నన్ను దాని దరిదాపులకి రానివ్వకుండా అమ్మ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. వచ్చి నీ కళ్ళతో చూసి తీర్పు చెప్పు. కిటికీ మూసే ఉంచాను. ఈసారి నీకు నమ్మకం కుదిరాకే తెరువు.

ఇట్లు,
చేతికి జిగురు వదలని
మీ ఇంటాయన