మేడమీదికి ప్రూఫులు

వదినా,

మీరు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని ఒకటే ఆరాటం. నోటితో చెబితే "మన మధ్య ఇవన్నీ ఏంటే" అని కొట్టిపారేస్తారు.

తుంటి ఎముక విరిగాక మీ తమ్ముడు మేడ దిగలేదు. కింద ప్రెస్సులో కూర్చిన పేజీలను మంచం పక్క కంప్యూటర్లో తెరిచి తప్పులు దిద్దాలనుకున్నారు. ఎన్నిసార్లు నొక్కినా "మీకు అనుమతి లేదు" అనే వచ్చింది. "నా ప్రెస్సులో నాకే అనుమతి లేదట" అంటూ గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండు రోజులు సరిగా తినలేదు.

ఫోన్లో మీకు చెప్పుకుంటే మీరేమో నవ్వి, "వాణ్ణెవరూ వెళ్లగొట్టలేదే పిచ్చిదానా! కింద కంప్యూటర్ కొత్తది కదా, దానికి వాడెవరో తెలియదంతే" అన్నారు. మీరు చెప్పినట్టే ఫోల్డర్ షేరింగ్‌లో చూస్తే కంపోజరు పేరొక్కటే ఉంది. మీ తమ్ముడి పేరూ, పాస్‌వర్డూ చేర్చాం. మేడమీద ఫోల్డర్ తెరుచుకుంది.

పావుగంటకే ఆయన కిందికి ఫోన్ చేసి, "ఒక్క పేజీలో పదకొండు తప్పులా? కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా!" అని ఇల్లు దద్దరిల్లేలా కేకలేశారు. కంపోజరు పరుగున మెట్లెక్కి వచ్చాడు. నొచ్చుకున్నాడేమోనని భయపడ్డాను. "అయ్యగారు తిట్టారమ్మా!" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

అంతా మీ చలవే, వదినా.

మీ మరదలు