శుక్రవారపు చప్పుడు

టెంఘర్, భివండీ
మంగళవారం

ప్రియమైన దీపాలక్కకు,

ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. సుశీలాబాయి మిక్సీ కాలిపోయినందుకు, యోబు పాస్టరు గారి గొంతు బొంగురుపోయినందుకు, మన వాడ పెద్దలంతా ఒకచోట కూర్చుని కూడా కొట్టుకోనందుకు, కార్యదర్శిగా బాధ్యుణ్ని నేనే. ఫోన్లో చెబితే మధ్యలోనే తిడతావని రాస్తున్నాను.

ఆదివారం వచ్చి శుభమ్‌ను పుణె తీసుకుపోతానన్నావు. "ఆ గల్లీల ఉంటే తమ్ముడు దగ్గుమందు సీసాలతోనే పోతడు" అన్నావు. వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

మన తమ్ముడొక్కడే కాదు, రాత్రి పాళీ పోరగాళ్లు చాలామంది సీసా ఎత్తుతున్నారని తెలిశాక కమిటీ పడింది. మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు ఆడించే సేటు లక్ష్మీనర్సయ్య మామ, పాస్టరు గారు, మహిళల పొదుపు సంఘం బచత్ గట్ నుంచి సుశీలాబాయి, మందుల దుకాణం అంకుశం. బీకాం చదివి ఖాళీగా ఉన్న పుణ్యానికి నేను కార్యదర్శిని. డాక్టరు చిట్టీ లేనిదే దగ్గుమందు అమ్మనని అంకుశం ఒట్టేశాడు. సర్కారు దవాఖాన డాక్టరమ్మ శుభమ్‌తో వారం వారం మాట్లాడుతోంది. మిగతావాళ్లం వాణ్ని మధ్యలో కూర్చోబెట్టి నీతులు చెప్పాం. వాడు నేల చూస్తూ విన్నాడు. చివరికి పాస్టరు గారి భార్య శారమ్మ చాయ్ అందిస్తూ అడిగింది.

"ఎప్పుడు తాగబుద్ధయితది బిడ్డా?"

"శుక్రారం."

"శుక్రారమే ఏంది?"

"సాంచాలు బందుంటయి గదత్తా. నిద్ర పట్టది. చెవులల్ల ఏదో ఒర్రినట్టయితది."

ఎవరం నవ్వలేదు. అక్కా, శుక్రవారం మధ్యాహ్నాలు నీకు గుర్తున్నాయా? ఊరు ఊరంతా నీళ్లడుగున మునిగినట్టు ఉంటుంది. కిటికీలోంచి పడే ఎండలో దూది నుసి ఎటు రాలాలో తెలియక అక్కడే తేలుతుంది. రేకుల మీద పావురాల గోళ్లు వినిపిస్తాయి. మనల్ని నిద్రపుచ్చింది అమ్మ జోలపాట అనుకుంటాం గానీ, గోడ అవతలి సాంచా కదూ.

అంచేత చప్పుడు చేయాలని కమిటీ తీర్మానించింది. పోయిన శుక్రవారం చర్చి హాల్లో చాప పరిచి శుభమ్‌ను పడుకోబెట్టాం. సుశీలాబాయి మిక్సీ తిప్పింది. కాసేపటికి పొగ వచ్చింది. అంకుశం రేకు డబ్బా వాయిస్తే ఒక కుక్క వచ్చి విని పోయింది. అప్పుడు పాస్టరు గారు గట్టిగా ప్రార్థన అందుకున్నారు. శుభమ్ తప్ప అందరూ నిద్రపోయారు, నాతో సహా.

అంతలో, కల అంచు మీద ఎక్కడో, ఒక్క సాంచా మొదలైంది. టకాటకా, టకాటకా. ఊరికి గుండె మళ్లీ కొట్టుకున్నట్టు. శుభమ్ లేచి, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు ఆ చప్పుడు వెంటే వెళ్లాడట. సేటు మామ ఉలిక్కిపడి లేచి, లుంగీ ఎగ్గట్టి, చెప్పుల్లేకుండా ఉరికాడు. "ఎవడ్రా వాడు, సుట్టీ రోజు నా కార్ఖానల!"

లోపల నూలు లేదు, గుడ్డ లేదు. ఒట్టి సాంచా ఆడుతోంది. పక్కన వ్యర్థపు దూది కుప్ప మీద శుభమ్, నోరు తెరుచుకుని, చిన్నప్పటిలాగే. స్విచ్ దాకా వెళ్లిన మామ చెయ్యి ఆగిపోయింది. పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆయనా గురక పెట్టాడు. ఇద్దరి మీదా నుసి మెల్లగా రాలింది. ఆ రోజు తమ్ముడు సీసా అడగలేదు.

మర్నాడు కమిటీలో మామ ఉరిమాడు. "గా దొంగ దొరకాలె! దొరికితే ఇగ ప్రతి శుక్రారం వాడే అచ్చి నడుపాలె!" ప్రార్థన చేస్తూ మెలకువగా ఉన్నది ఆయనేనని అందరూ పాస్టరు గారి వైపు చూశారు. దోషి ఆచూకీ తెలియలేదని నేను గంభీరంగా ప్రకటించాను.

డాక్టరమ్మ ఇంకా చాలా రోజులు పడుతుందంటోంది. కానీ అక్కా, మీ పుణె ఫ్లాటులో ఫ్రిజ్ కూడా గుసగుసలాడుతుంది. అక్కడ వాడికి వారమంతా శుక్రవారమే. తీసుకుపోకు. రావాలనుంటే శుక్రవారం రా, నువ్వూ ఒక కునుకు తీద్దువు.

పైన నెత్తిన వేసుకున్న అపరాధాల్లో ఒక్కటీ నాది కాదు. నేను చేసింది ఇదొక్కటే: ఆ ప్రార్థనలో నేను నిద్రపోలేదు. కళ్లు మూసుకున్న సేటు మామ జేబులోంచి కార్ఖానా తాళంచెవి తీశాను.

నీ తమ్ముడు,
నిలేష్