తోయిస్ నుంచి లేహ్‌కు

తోయిస్, లద్దాఖ్
సెప్టెంబరు 2011

ప్రియమైన సౌజన్యా,

ఫోన్‌లో నాలుగు మాటలు కాగానే లైను తెగిపోతోంది, అందుకే రాస్తున్నాను. ఇంటికి రావాలంటే నేను ముందు లేహ్ చేరాలి; అదెంత దూరమని దవాఖానలో నాన్న అడిగినదానికి ఇదీ జవాబని చెప్పు. నేనున్న తోయిస్ ఎయిర్‌పోర్టు నుంచి లేహ్ ఎయిర్‌పోర్టుకు ఆకాశంలో అరవై కిలోమీటర్లు, మన ఎల్.బి.నగర్ నుంచి చిట్యాల పోయినంత. సైనిక విమానంలో ఇరవై నిమిషాలు. అదే రోడ్డున పోతే ఖర్దుంగ్ లా కనుమ ఎక్కి దిగాలి, పొద్దంతా పడుతుంది. మంచు పడితే అదీ లేదు.

సెలవు మంజూరైంది గానీ మబ్బు విడవడం లేదు, విమానం లేవడం లేదు. ఇంత దగ్గరుండి కదలలేకపోతుంటే ఒళ్లు మండిపోతోంది. నేను వచ్చేదాకా ఆగమని నాన్నకు చెప్పు.

నీ బావ,
యాదగిరి

చైతన్యపురి
అక్టోబరు 2011

ప్రియమైన బావా,

మామ పోయిన సంగతి ఫోన్‌లో విన్నావు. ఫోన్‌లో చెప్పలేనిది రాస్తున్నాను.

సకల జనుల సమ్మెతో బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఊరేగింపు వాళ్లే జరిగి పాడెకు దారిచ్చారు. మూడో రోజు శ్మశానంలో పిట్టకు పెట్టాం. కూర, కల్లు, అన్నీ మామకు ఇష్టమైనవే. కాకులు గోడ మీద కూర్చుని చూశాయే గానీ ఒక్కటీ ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందని తలా ఒక మాట ఇచ్చారు. "తెలంగాణ ఒస్తది మామా, జర తిను" అన్నాడు మా అన్న. మన ఇంటి ఓనరు కోటేశ్వరమ్మగారు కోస్తా ఆవిడైనా వచ్చి, "అన్నయ్యగారూ, మీ కోడల్ని నేను చూసుకుంటానండీ" అని దణ్ణం పెట్టారు. ఊహూఁ. ఎండ మాడ్చేస్తోంది. ఏడుపు ఆపుకోలేక అనేశాను: "నీ కొడుకు విమానమెక్కిండు మామా, నీ కాడికే ఒస్తుండు!"

నోట్లో మాట నోట్లో ఉండగానే దిగాయి బావా. ఆకు ఊడ్చేశాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేనేమన్నానో నాకు మాత్రం అప్పుడు తట్టింది. బతికున్న నిన్ను, చచ్చిపోయినాయన దగ్గరికి పంపుతానని మాటిచ్చాను కదా! నెల మాసికానికి అందకపోయినా ఫరవాలేదు, ఆ విమానం మాత్రం ఎక్కకు. నా మీద ఒట్టు.

నీ సౌజన్య

ఖర్దుంగ్ లా
అక్టోబరు 2011

ప్రియమైన సౌజన్యా,

విమానం ఎక్కబోతుంటే నీ ఉత్తరం అందింది. "పిచ్చి పట్టిందా ఏంది దీనికి" అని నవ్వుకున్నాను గానీ, ఒట్టు పెట్టావాయె. నా సీటు ఇంకొకరికిచ్చి లారీ ఎక్కాను. విమానం మా నెత్తి మీదుగానే పోయింది. లేహ్‌లో క్షేమంగా దిగిందని దారిలో చెక్‌పోస్టు వైర్‌లెస్‌లో విన్నాం.

మా లారీ కనుమ మీద ఆగిపోయింది. ముందూ వెనకా దారి మంచులో పూడిపోయింది. డ్రైవరు సాయం తెస్తానని కిందికి నడిచిపోవడానికి లారీ దిగి బయట నిలబడ్డాడు, ఈ ఉత్తరం ముగించి అతని చేతికే ఇస్తాను. నా కాళ్లు మొద్దుబారాయి, లేవలేను. నీ తప్పేం లేదు సౌజన్యా, ఆ మాట మనసులో పెట్టుకోకు. నిన్ను తలచుకుంటే ఏడుపొస్తోంది.

ఇందాకటి నుంచి చలి తెలియడం లేదు. నాన్న వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. "ఒచ్చినవా బిడ్డా?" అన్నాడు.

"ఒచ్చిన నాయనా" అన్నాను.

నీ బావ,
యాదగిరి